ఏకు మేకైన కథ: ఒక జాతీయము పుట్టుపూర్వోత్తరములు

మన పాలమూరుసీమలో, ముఖ్యముగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములయందు, "ఏకై వచ్చి మేకై కూర్చున్నాఁడు" అను పలుకు వినని వారుండరు. మెత్తగా లోనికి వచ్చి, పిదప కదలింపరాని వాఁడై యింటివారిని బాధించు వానినిగూర్చి యీ మాట వాడుదురు. తెలుఁగుదేశ మంతటను ఇది వాడుకలో నున్నదే. అయినను ఇందలి "ఏకు" మన యింటి వస్తువు. దూదినుండి నూలును, నూలునుండి వస్త్రమును తీయు వృత్తిని తరతరములుగా నమ్ముకొన్న పద్మశాలీయులకు ఈ మాట పుట్టువును విచారించు హక్కును, బాధ్యతయు రెండును గలవు. మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికలో కులపురాణములును, దాతల చరిత్రములును ఉండుట యుచితమే. వానితోపాటు ఒక చిన్న మాట చరిత్రమునకును చోటిచ్చుట తగునని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ మాట పుట్టుకనుగూర్చి మనలో మూఁడు తరములవారికి మూఁడు తలంపు లున్నవి. తాతల తరమువారు చెప్పున దిది: ఏకు నూలగును; నూలు పడుగగును; పడుగును వీథిలో సాగఁదీసి గంజి పెట్టునపుడు దాని కొనలు భూమిలో పాఁతిన కొయ్యలకు బిగింపఁబడును. మెత్తని యేకు తుదకు మేకును చేరి గట్టిపడుటయే యీ మాటకు మూలము. ఇందు నిందలేదు, వృత్తిక్రమమే కలదు. తండ్రుల తరమువారిలో కొందఱ తలంపు వేఱు. మేకనఁగా గుడారపు మేకనియు, దండులు దిగి, గుడారములు వేసి, నెలల తరబడి కదలకుండుటను చూచిన పల్లెవారు కల్పించిన మాట యనియు వారందురు. చదువుకొన్న యువకులు ఈ రెంటిని నమ్మరు. ఏకునకు మేకుతో ప్రాస కుదిరినది. అంతకుమించి యిందు చరిత్ర లేదని త్రోసివేయుదురు.

ఈ మూఁడింటిని విచారించుటకు ముందు ఏకనఁగా నేమో చెప్పవలసి యున్నది. ఈ మాట అక్కఱలేని వివరణయని పెద్దలు తలఁపవచ్చును. కాని గద్వాలలోని యొక నేతవారి వాడలో మేము పదిమంది పిల్లల నడుగఁగా ఒక్కరును చెప్పలేకపోయిరి. నడిగడ్డ నేలలలో పత్తివిత్తనముల సాగు నేఁడు ముమ్మరముగా సాగుచున్నది. పత్తిచేనిని ఎఱుఁగని పిల్లవాఁడు అక్కడ లేఁడు. పత్తి నెఱిఁగియు ఏకు నెఱుఁగరు. అప్పుడు అరుఁగుపై కూర్చున్న యొక వృద్ధురాలు నవ్వి, మందులకొట్టునుండి కొంచెము దూది తెప్పించి, చీపురుపుల్ల యొకటి తీసి, దూదిని దానిపై పఱచి, అఱచేతితో దొర్లించి, పుల్లను లాగివేసెను. జానెడు పొడవున మెత్తని దూదిచుట్ట మిగిలెను. "ఇగో, ఇదే ఏకు. మా అవ్వ రాట్నం ముందల బుట్టెడు పెట్టుకునేది" అని యామె పలికెను.

పూర్వము గింజ తీసిన దూదిని వింటితో కొట్టి విడఁదీయుచుండిరి. ఆ పనిని ఏకుట యందురు. దానినే వృత్తిగాఁ గలవారు దూదేకులవారు. మన మగ్గమునకు మొదటి మెట్టు వారి వింటిమ్రోఁతయే. అట్లు ఏకిన దూదిని చుట్టలుగాఁ జేసినవి ఏకులు. ఎవనినైన మాటలతో చీల్చి చెండాడినపుడు "ఏకిపాఱేసినాఁడు" అనుటయు ఈ పనినుండి వచ్చినదే. ఏకును ఎడమచేతఁ బట్టి, కుడిచేత రాట్నము త్రిప్పఁగా కదురుపై నూలు దిగును. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరులో వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, చేత నూలు వడకు పద్ధతి నేఁటికిని కలదు. మన సీమలో మాత్రము ఏకు మాటగా మిగిలి, వస్తువుగా మాయమైనది.

ఇఁక మేకు. దీని నేఁడు ఇనుపచీలగానే తలఁతుము. ఇది మొదటినుండి తెలుఁగు మాటయే యైనచో పాతకాలపు పలుకుగా దానిని గ్రహింపవచ్చును. కాని పారసీకమున "మేఖ్" అనఁగా చీల, కొయ్య, గుడారమును బిగించు గుంజ అని యర్థములు. మరాఠీలోను, ఉర్దూలోను ఆ మాటయే కలదు. తెలుఁగున నీ వస్తువులకు చీల, కొయ్య, గూటము అను పేర్లు వేఱుగా నున్నవి. కావున మేకు మనకు పారసీకమునుండి దక్కనీ వ్యవహారముద్వారా వచ్చినదని మేము తలఁచుచున్నాము. 1852లో వెలువడిన బ్రౌనుదొర నిఘంటువునాఁటికి ఏకును మేకును రెండును తెలుఁగువారి నోట స్థిరపడి యున్నవి.

దీనినిబట్టి కాలనిర్ణయమునకు ఒక మేర దొరకును. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల వశమయ్యెను. 1347లో బహమనీ రాజ్య మేర్పడెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గడ్డకొఱకు బహమనీలును, వారి పిమ్మట బిజాపురము సుల్తానులును విజయనగరమువారితో పలుమాఱులు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును గెలుచుటయు, 1565లో విజయనగర పతనమును అందఱెఱిఁగినవే. 1687లో గోలకొండ మొగలులపాలయ్యెను. 1724నుండి ఆసఫ్‌జాహీలు పాలించిరి. ఈ దీర్ఘకాలమున కచ్చేరీమాటలును, దండుమాటలును, అంగడిమాటలును మన పలుకులలో చేరినవి. కావున నేఁడు మనము వినుచున్న రూపమున నీ జాతీయము పదునాలుగవ శతాబ్దమునకు ముందు పుట్టి యుండదు. అంతకుముందు ఇదే భావమును వేఱు మాటలతో పలికి యుందురేమో కాని, ఏకును మేకును జతపడుట పిమ్మటి సంగతి.

ఇప్పుడు మూఁడు తలంపులను తూఁచి చూతము. తాతలు చెప్పినది మన కులమునకు ప్రియమైనది. కాని ప్రియమగుటచేతనే సత్యము కాదు. పడుగునకు పాఁతునవి కొయ్యలు, గుంజలు. వానికి తెలుఁగు పేర్లే చాలును. అదిగాక ఈ మాట వాడినచోట నెల్లను ఫిర్యాదే వినఁబడునుగాని, పని సఫలమైన సంతోషము వినఁబడదు. నిందను నిందగా నొప్పుకొనవలసినదే. గుడారపు తలంపు మేకునకు సరిపోవును; కాని దండులో తిరుగువానికి ఏకుతో పనియేమి? కేవల ప్రాసయే కారణమన్న యువకుల మాటయు నిలువదు. ఏకునకు ఆకు, రేకు, సోఁకు మొదలగు మాటలెన్నియో ప్రాసకు దొరకును. వాని నెల్ల విడిచి మేకునే యేల యేరిరి? గ్రుచ్చుకొన నెఱుఁగనిది ఏకు. గ్రుచ్చుకొన్నపిదప ఊడిరానిది మేకు. ఈ రెంటి గుణములును చేతితో తాఁకి యెఱిఁగినవాఁడే యీ జతను కూర్చఁగలఁడు.

కాఁబట్టి మా నిర్ణయ మిది. ఈ మాటకు రూపమిచ్చినది ప్రాస. మేకు నిచ్చినది పరరాజుల కాలము. ప్రాణమిచ్చినది రాట్నమున్న యిల్లు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచును కొంగును పట్టు; వేఱువేఱు నాడెలతో నేసి రెంటిని జోడించుటయే దాని ప్రత్యేకత. ఈ జాతీయమును అట్లే నేయఁబడినది: ఒడలు తెలుఁగు, అంచు పారసీకము.

ఇంతటితో విచారణ ముగియలేదు. మన యువకులు కొందఱు, ఈ మాటలో మన వృత్తి వస్తువు కృతఘ్నునకు గుఱుతైనదికదా, దీనిని సభలలో వాడరాదని తీర్మానింపవలదా యని యడుగుదురు. ఆ వృద్ధురాలినే మేమీ ప్రశ్న యడిగితిమి. "ఏకుదేం తప్పు బిడ్డా? అది మెత్తగనే ఉన్నది. మేకైనోడు ఏకు వేసం కట్టిండు" అని యామె చెప్పెను. ఇంతకంటె మంచి సమాధానము మాకు దొరకలేదు. లోకములో మెత్తదనమునకు ఒక పోలిక కావలసి వచ్చినపుడు తెలుఁగువారు పువ్వును కాదు, వెన్నను కాదు, మన బుట్టలోని యేకును ఎంచుకొనిరి. అనఁగా ఒక కాలమున ప్రతి యింటివారికిని ఏకు తెలిసి యుండెను. రాట్నము మన కులమున కొక్కదానికే చెందినది కాదు. అనేక కులముల స్త్రీలు నూలు వడకి మగ్గములకు అందించుచుండిరి. ఈ జాతీయము ఆ కాలమునకు సాక్షి.

ఆ సాక్ష్యమునందే మనకొక చేదు పాఠమును కలదు. పందొమ్మిదవ శతాబ్దమున సీమనుండి మిల్లునూలు వచ్చెను. అది సన్నన, సమము, చవుక. నేతగాఁడు సంతోషముతో కైకొనెను. కదురులు మూలఁబడెను, వడకువారి జీవనము పోయెను. నూలు ధర మనచేతనుండి జాఱి మిల్లులచేతను, వర్తకులచేతను పడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున (1939–1945) నూలు కఱవు వచ్చినపుడు మగ్గములు నిలిచిపోయిన వృత్తాంతము పెద్దలు కన్నీళ్లతో చెప్పుదురు. 1934లో ఓరుగల్లున ఆజంజాహీ మిల్లు వెలసెను; పిమ్మట నదియు మూఁతపడెను. మనవా రెందఱో బ్రతుకుతెరువునకై షోలాపురము, భీవండి, బొంబాయి చేరిరి. మన వృత్తికి సంబంధించినంతవఱకు నిజముగా ఏకై వచ్చి మేకైనది మిల్లునూలే. ఇది నూలును దూషించుటకు చెప్పుట కాదు; అది లేక నేఁడు మగ్గము లేదు. చవుకగా దొరకినదానిపై సమస్తము నాధారపఱచుకొనుటలోని యపాయమును గుఱుతించుటకే చెప్పుచున్నాము.

మాటలు చరిత్రమునకు ఆధారములు కాఁగలవని మన సీమవాఁడైన సురవరము ప్రతాపరెడ్డిగారు (1896–1953) చూపియే యున్నారు. నేఁటి గద్వాల జిల్లాలోని యిటిక్యాలపాడు వారి స్వగ్రామము. రాజుల యుద్ధములనుగాక ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రముగా వ్రాసిన వారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని పొందినది. ఆ దారిలో మనము చేయఁదగిన పని యొకటి కలదు. ఆసు, పడుగు, పేక, అచ్చు, కండె, చిలప, నాడె మొదలగు మాటలును, వానినుండి పుట్టిన సామెతలును వృద్ధులతోనే అంతరించుచున్నవి. గద్వాల, అయిజ, రాజోలి, కొత్తకోట, అమరచింత మగ్గపుటిండ్లలోను, నాగర్‌కర్నూలు పల్లెలలోను తిరిగి, వానిని పేరు, అర్థము, వాడుక, వస్తువు బొమ్మతోసహా వ్రాసికొనవలెను. 2009 అక్టోబరునాఁటి తుంగభద్ర వఱదలో రాజోలి మునిఁగినపుడు మగ్గములతోపాటు పనిముట్లెన్నియో పోయినవి. పోయిన మగ్గమును మరల చేయించుకొనవచ్చును. పోయిన మాటను చేయించుకొనలేము.

ఈ పనికి గొప్ప ధనమక్కఱలేదు. కులపోషకులైన దాతలు ఒక పుస్తకము అచ్చునకు చాలినంత యిచ్చి, యువకులు సెలవుదినములలో వృద్ధులచెంత కూర్చున్నచో రెండేఁడులలో ముగియును. వచ్చు మహాసభనాఁటికి, ఏకనఁగా నేమని యడిగిన పిల్లవానికి సభామండపముననే బుట్టెడు ఏకులును, ఒక రాట్నమును చూపఁగలిగినచో ఈ వ్యాసము సఫలమైనట్లే. తామరతూఁడుల నారతో దేవతలకు వస్త్రము నేసెనని మనము కొనియాడు భావనాఋషి యాశీస్సులు ఆ ప్రయత్నమునకు కలుగునుగాక.