పరోక్షం నుంచి అపరోక్షానికి

దైవాన్ని గురించి తెలియడం వేరు, దైవాన్ని స్వయంగా ఎరగడం వేరు అన్న వివేచన ఉపనిషత్తులలోనే స్పష్టమైన రూపం పొందింది. ముండకోపనిషత్తు విద్యను రెండుగా విభజించి, నాలుగు వేదాలనూ, శిక్ష, కల్పం, వ్యాకరణం, నిరుక్తం, ఛందస్సు, జ్యోతిషం అనే ఆరు వేదాంగాలనూ అపరావిద్యలో చేర్చి, అక్షరాన్ని, అంటే నాశం లేని బ్రహ్మాన్ని, అందించే విద్యను మాత్రమే పరావిద్య అన్నది. వేదవాఙ్మయమే వేదాధ్యయనాన్ని కింది మెట్టున నిలపడం ఇందులోని విశేషం. ఛాందోగ్యంలో నారదుడు తాను చదివిన శాస్త్రాలన్నిటినీ సనత్కుమారుని ఎదుట ఏకరువు పెట్టి, మంత్రాలు తెలిసినా ఆత్మ తెలియలేదనీ, అందుకే దుఃఖం తీరలేదనీ ఒప్పుకుంటాడు.

ఈ భేదానికి అద్వైతులు శాస్త్ర పరిభాషను కల్పించారు. బ్రహ్మం ఉన్నదని శాస్త్రం వల్ల తెలుసుకోవడం పరోక్షజ్ఞానం. ఆ బ్రహ్మం తానేనని నేరుగా గుర్తించడం అపరోక్షజ్ఞానం. 14వ శతాబ్దికి చెందిన విద్యారణ్యుల ‘పంచదశి’ దీనిని దశముని దృష్టాంతంతో వివరిస్తుంది. ఏరు దాటిన పదిమందిలో ప్రతివాడూ తనను విడిచి తొమ్మిదిమందినే లెక్కించి, పదవవాడు మునిగిపోయాడని ఏడుస్తుండగా, దారినపోయేవాడొకడు పదవవాడు బతికే ఉన్నాడని చెప్పినప్పుడు కలిగేది పరోక్షం. ఆ పదవవాడివి నీవేనని చూపినప్పుడు కలిగేది అపరోక్షం. రెండింటికీ మాటే ఆధారం కావడం గమనార్హం.

తెలుగు శైవ సాహిత్యంలో ఈ భేదం ఒకే సాధకుని మెట్ల మధ్య నుంచి మనుషుల మధ్యకు వచ్చింది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన ‘బసవపురాణం’లో గొడగూచి అనే బాలిక, శివుడు నిజంగానే పాలు తాగుతాడని నమ్మి, తాగకపోతే ఏడ్చి, చివరకు తాగిస్తుంది, బెజ్జమహాదేవి తల్లిలేని శివునికి తానే తల్లియై లాలిస్తుంది. దేవుణ్ణి గురించి ఏ సిద్ధాంతమూ ఎరగని ఈ అమాయకపు చనువునే ముగ్ధభక్తి అంటారు. ఈ కథలు చెప్పిన సోమనాథుడు మాత్రం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో రచనలు చేసిన పండితుడు.

ఈ వైరుధ్యాన్ని 16వ శతాబ్దికి చెందిన ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో కావ్యనిర్మాణంలోనే ఇమిడ్చాడు. ఒకవైపు సాలెపురుగు, పాము, ఏనుగు, వాటితోపాటు మాంసం నివేదించి తన కన్ను పెకలించి లింగానికి అమర్చిన బోయ తిన్నడు; మరొకవైపు శివుడే రచించిన పద్యంలో తప్పుపట్టి, ఎదుట నిలిచిన శివునితోనే వాదించి శాపం పాలైన మహాకవి నత్కీరుడు. అక్షరమైనా రానివానికి దొరికినవాడు మహాకవికి కంట పడినా దక్కలేదు. అయినా ధూర్జటి నత్కీరుణ్ణి విడిచిపెట్టక కాళహస్తికి చేర్చి శాపవిముక్తుణ్ణి చేశాడు; అంటే అతడు ఖండించినది పాండిత్యాన్ని కాదు, అదే గమ్యమనుకునే అహంకారాన్ని. తరువాత వేమన ఇదే విమర్శను ఆటవెలదిలో అందరి నోళ్లలోనూ నాటాడు; 1829లో సి.పి. బ్రౌన్ ప్రచురణతో ఆ పద్యాలు అచ్చులోకి వచ్చాయి.

ఆధునిక కాలంలో నారదుని ప్రశ్న మళ్లీ వినిపించింది. బొబ్బిలి సమీపంలోని కలువరాయిలో పుట్టి, నవద్వీపంలో ‘కావ్యకంఠ’ బిరుదు పొంది, ఏళ్ల తరబడి మంత్రజపం చేసిన గణపతి శాస్త్రి 1907లో అరుణాచలంలోని విరూపాక్ష గుహకు వెళ్లి, ఇంత చదివినా తపస్సు అంటే ఏమిటో బోధపడలేదని మొరపెట్టుకున్నాడు. అక్కడి యువ మౌని అతణ్ణి జపం మానమనలేదు. మంత్రనాదం ఎక్కడ పుడుతున్నదో అక్కడ మనసు నిలపమన్నాడు. ఆ మౌనికి రమణ మహర్షి అని పేరుపెట్టిన గణపతి శాస్త్రి, ఆయన ఉపదేశాన్ని పద్దెనిమిది అధ్యాయాల సంస్కృత ‘రమణగీత’గా కూర్చాడు. పదవవాణ్ణి వెతకడానికి కొత్త లెక్క అక్కరలేకపోయింది; లెక్కిస్తున్న వేలు తనవైపు తిరిగితే చాలింది.