బూటులో ఆసరా, పెడల్ మీద పాదం: సైక్లింగ్ ఇన్‌సోల్ ఎంపికకు ఆధారం ఎంత?

200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కే సుదూర సైకిల్ ప్రయాణం, పూర్తి చేయడానికి ఉన్న సమయం 13 గంటల 30 నిమిషాలు. హైదరాబాద్ చుట్టుపక్కల రోడ్ల మీద ఇలాంటి దూరాలు తొక్కేవాళ్లు ఇప్పుడు అరుదేమీ కాదు. ఒక రైడర్ అందులో తొమ్మిది గంటలు తొక్కుతూనే ఉన్నాడనుకుందాం. నిమిషానికి 80 చుట్ల చొప్పున లెక్కవేస్తే ఒక్కో పాదం పెడల్‌ను 43,200 సార్లు నొక్కినట్టు. నొక్కిన ప్రతిసారీ బలం పోయేది దాదాపు ఒకే చోటు గుండా: బొటనవేలు, దాని మొదలు, పక్క వేళ్ల మొదళ్లు. నూరు కిలోమీటర్లు దాటేసరికి అక్కడ మంట పుడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బూటు విప్పి రోడ్డు పక్కన పాదం ఒత్తుకుంటున్న మనిషికి తోటి రైడర్ చెప్పే మాట తరచుగా ఒకటే: "అన్నా, మంచి ఇన్‌సోల్ వేసుకో."

ఆ మాటకు ఆధారం ఎంతుందో చూడటమే ఈ వ్యాసం పని. ఇన్‌సోల్ ధర వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది. పాదం అచ్చు తీసి చేయిస్తే ఇంకా ఎక్కువ. నొప్పితో ఉన్నవాళ్లు ధర చూడరు, ఉపశమనం దొరికితే చాలనుకుంటారు. అందుకే ఇక్కడ రుజువు ఎంతుందో అంతే చెప్పాలి, ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పకూడదు.

నడక వేరు, తొక్కడం వేరు

పాదం వంపుకు ఆసరా ఇవ్వాలన్న ఆలోచన నడక, పరుగుల నుంచి వచ్చింది. నడిచేటప్పుడు ముందు మడమ నేలకు తాకుతుంది. పాదం కాస్త లోపలికి ఒరుగుతుంది, వంపు దిగుతుంది, ఆ తర్వాత మడమ లేచి బరువు వేళ్ల మీదికి వస్తుంది. ఇన్‌సోల్‌లో మడమ కుదురుకునే గిన్నె, వంపు కింద ఉండే ఎత్తు ఈ వరుసను మనసులో పెట్టుకుని రూపొందినవే.

సైకిల్ మీద ఆ వరుస లేదు. మడమ కింద పెడల్ ఉండదు. గట్టి సోల్, దాని కింద క్లీట్, క్లీట్‌ను పట్టుకున్న పెడల్ కలిసి ముందుపాదాన్ని ఒకే కోణంలో నిలబెడతాయి. పరుగులో నేల నుంచి వచ్చే ఎదురుబలం శరీరపు బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. సీటు మీద కూర్చుని తొక్కేటప్పుడు బరువులో పెద్ద వాటాను సీటు, హ్యాండిల్ మోస్తాయి కాబట్టి పెడల్ మీద పడే బలం అంతకంటే చాలా తక్కువ. ఇక్కడ పాదానికి దెబ్బ తగలదు, కానీ విశ్రాంతీ దొరకదు. అందువల్ల నడిచేవాళ్ల మీద తేలిన ఫలితాన్ని సైకిల్ తొక్కేవాళ్లకు నేరుగా వర్తింపజేయడం తొందరపాటు.

బూటు లోపల పీడనాన్ని కొలిచిన హెన్నిగ్, సాండర్సన్ 1995లో ప్రచురించిన పరిశోధనలో భారం ప్రధానంగా ముందుపాదం, బొటనవేలి మీద పడుతున్నట్టు తేలింది. సోల్ ఎంత గట్టిదన్నదీ ఇందులో ముఖ్యమే. 2003లో జార్బో, కెసాడా ప్లాస్టిక్ సోల్, కార్బన్ సోల్ బూట్లను పోల్చారు. కార్బన్ సోల్‌లో పాదం కింద గరిష్ఠ పీడనం 18 శాతం ఎక్కువగా నమోదైంది. బలం వృథా కాదన్న నమ్మకంతో కొన్న ఖరీదైన బూటే కొందరికి మంట పెంచవచ్చని దీన్ని బట్టి అనుమానించాలి.

బాధ ఎంతమందిది?

ఆస్ట్రేలియా పరిశోధకులు 397 మంది సైక్లిస్టులను ప్రశ్నించి 2012లో వెలువరించిన సర్వేలో సుమారు 54 శాతం మంది తొక్కేటప్పుడు పాదం నొప్పి వస్తుందని చెప్పారు. నొప్పి చోటుగా అందరికంటే ఎక్కువమంది చూపించింది ముందుపాదాన్నే, 61 శాతం. పాదాన్ని పెడల్‌కు బిగించే పద్ధతి వాడేవాళ్లలో ఈ ఫిర్యాదు ఎక్కువ. ఇది మనుషులు తమంతట తాము చెప్పిన సమాధానాల లెక్క. నొప్పి ఉన్నవాళ్లే ఇలాంటి సర్వేకు ఎక్కువగా స్పందిస్తారన్న సందేహం ఎప్పుడూ ఉంటుంది. అయినా ఒక విషయం గమనించాలి. నొప్పి ఎక్కువగా వచ్చేది వేళ్ల మొదళ్ల దగ్గర. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఆసరా పాదం మధ్యలోని వంపుకు. ఈ రెండింటి మధ్య లంకె ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఇన్‌సోల్ ఏం మార్చింది, ఏం మార్చలేదు?

బౌసీ, బ్లాంచ్, మెక్‌పాయిల్, విసెంజినో 2013లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. పోటీల్లో పాల్గొనే 12 మంది సైక్లిస్టులకు వంపు తిరిగిన ఇన్‌సోల్ ఒకసారి, చదునైన ఇన్‌సోల్ ఒకసారి ఇచ్చి పోల్చారు. వంపు ఉన్నదాంతో పాదం మధ్యభాగం బూటుకు ఆనుకునే వైశాల్యం పెరిగింది. ఆసరా ఎక్కువగా ఉన్నట్టు రైడర్లకు అనిపించింది. దానితోపాటు బొటనవేలి కింద పీడనం వాటా కూడా పెరిగింది. పాదం ఎక్కువగా ఆనుతుందన్నది నిజమే, కానీ ముందుపాదం భారం దించేస్తుందన్న మాట ఈ ప్రయోగం నుంచి రాదు. పైగా ఆ 12 మంది గాయాలు లేని ఆరోగ్యవంతులు. నొప్పి ఉన్నవాళ్లకు నొప్పి తగ్గుతుందా అన్న ప్రశ్నను ఆ ప్రయోగం అడగనే లేదు.

శక్తి పెరుగుతుందన్న ప్రచారం మాటేమిటి? కార్బన్ ఇన్‌సోల్‌తో వింగేట్ పరీక్ష, అంటే అరనిమిషం పాటు ఉన్న బలమంతా పెట్టి తొక్కే పరీక్ష చేసిన కోచ్ బృందానికి 2013లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. 2014లో యియో, బొనానో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు వాళ్ల ప్రమాణాలకు నిలిచినవి ఆరే. పరిశోధన చాలా తక్కువగా ఉందని, ఇంకా నాణ్యమైనవి జరగాలని వాళ్లు తేల్చారు. ఆరు చిన్న అధ్యయనాల మీద "ఇన్‌సోల్ పనిచేయదు" అనడమూ తప్పే, "వాట్లు పెరుగుతాయి" అనడమూ తప్పే. చిన్న ప్రయోగంలో తేడా కనబడకపోతే తేడా లేదని కాదు. ఉన్నదని చెప్పుకునే హక్కు మాత్రం ఎవరికీ రాదు.

వాలు ముక్కల సంగతి

ముందుపాదం కింద ఒక వైపు ఎత్తుగా ఉండే పలుచటి వాలు ముక్కను వెడ్జ్ అంటారు. స్పెషలైజ్డ్ కంపెనీ బాడీ జామెట్రీ బూట్లలో బొటనవేలి వైపు 1.5 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టే పద్ధతి వల్ల ఈ ఆలోచన బాగా వ్యాపించింది. చాలామందికి ముందుపాదం సహజంగానే కాస్త వాలి ఉంటుంది, ఆ ఖాళీని నింపితే మోకాలు లోపలికి ఒరగకుండా నిలుస్తుంది అన్నది దాని వాదం.

వాదంలోని మొదటి సగానికి గట్టి ఆధారమే ఉంది. 1994లో గార్బలోసా, సహపరిశోధకులు 120 మంది ఆరోగ్యవంతుల 240 పాదాలు కొలిస్తే దాదాపు 87 శాతం పాదాల్లో ఆ వాలు కనిపించింది. కానీ ఈ అంకెను రెండో వైపు నుంచి కూడా చదవాలి. ఏ బాధా లేని వంద పాదాల్లో ఎనభై ఏడింటికి ఉన్నదాన్ని లోపం అనగలమా? అది పాదం సహజ రూపమే అయితే సరిదిద్దాల్సింది ఏముంది? ఫిట్టింగ్ చేసే మనిషి పాదం చూసి "నీకు వాలు ఉంది" అన్నంత మాత్రాన వెడ్జ్ అవసరమని తేలదు. మోకాలికి బాధ ఉండి, వెడ్జ్ పెట్టాక అది తగ్గి, తీసేస్తే తిరిగి వస్తే అప్పుడు ఆ మనిషి వరకు దాన్ని ఆధారంగా తీసుకోవచ్చు.

హాయిని కొలమానంగా తీసుకోవచ్చా?

ఇన్‌సోల్ ఎంపికలో హాయికి ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు కొంత వెలుగునిచ్చింది సైనికుల మీద జరిగిన ప్రయోగం. ముండర్మన్, స్టెఫానిషిన్, నిగ్ 2001లో ప్రచురించిన ఈ పనిలో 206 మంది సైనికులు పాల్గొన్నారు. ఇన్‌సోల్ బృందంలోని వాళ్లు ఆరు రకాల్లో తమకు హాయిగా అనిపించినదాన్ని ఎంచుకుని వాడారు. ఆరింటిలో ప్రతిదాన్నీ కనీసం ఐదుగురు ఎంచుకున్నారు. అందరికీ నచ్చిన ఇన్‌సోల్ అంటూ ఒకటి లేదు. వాడినవాళ్లలో గాయాలు తక్కువగా నమోదయ్యాయి. ఇది కవాతు, నడకల మీద వచ్చిన ఫలితం కాబట్టి సైక్లింగ్‌కు సూచనగానే తీసుకోవాలి, రుజువుగా కాదు.

అచ్చు తీసి చేయించినది రెడీమేడ్ కన్నా మేలా అన్నదానికి లాండార్ఫ్ బృందం 2006లో వెలువరించిన పరీక్ష ఉపయోగపడుతుంది. మడమ నొప్పి ఉన్న 135 మందిని మూడు బృందాలు చేసి ఉత్తుత్తి ఇన్‌సోల్, రెడీమేడ్, అచ్చు తీసినది ఇచ్చారు. మూడు నెలలకు అసలైన రెండింటికీ చిన్నపాటి మేలు కనిపించింది. ఏడాదికి ఆ తేడా నిలవలేదు. రెడీమేడ్‌కూ అచ్చు తీసినదానికీ మధ్య ఎక్కువ ఖర్చును సమర్థించే తేడా తేలలేదు. ఇదీ నడక మీద జరిగినదే. అయినా మొదటి అడుగులోనే భారీ ధర పెట్టనక్కర్లేదని చెప్పడానికి ఇది సరిపోతుంది.

హాయిని నమ్మకూడని పాదం

హాయి అన్న కొలమానం స్పర్శ సరిగా ఉన్న పాదానికే పనికొస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని అంచనా వేసింది. షుగర్ అదుపులో ఉంచుకోవడానికి నలభై, యాభై ఏళ్ల వయసులో సైకిల్ ఎక్కినవాళ్లు మన ఊళ్లలో కనిపిస్తారు. వాళ్ల నిర్ణయం గొప్పది. కానీ నరాలు దెబ్బతిన్న పాదం బూటు కరుస్తున్నా చెప్పదు. "హాయిగానే ఉంది" అన్న జవాబు వెనుక పుండు మొదలవుతూ ఉండవచ్చు. అలాంటివాళ్లు ఇన్‌సోల్ మార్చే ముందు డాక్టర్‌కు పాదం చూపించుకోవాలి. మార్చాక ప్రతి రైడ్ తర్వాతా అరికాలిని, వేళ్ల సందులను కళ్లతో చూసుకోవాలి.

షుగర్ లేకపోయినా ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి చూపించగల నొప్పి, వాపు, సైకిల్ దిగి గంటలు గడిచినా పోని తిమ్మిరి ఉంటే అది దుకాణంలో తేలే విషయం కాదు.

ఎంపిక ఏ వరుసలో?

పై ఆధారాల నుంచి ఒక వరుస వస్తుంది. అందులో ఇన్‌సోల్‌ది మూడో స్థానం.

మొదటిది బూటు. లోపలున్న ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద రెండు కాళ్లతో నిలబడాలి. పాదం అంచు బయటికి పొంగితే బూటు ఇరుకైనది. ఇరుకు బూటులో మందమైన ఇన్‌సోల్ పెడితే ఉన్న కాస్త చోటూ పోతుంది. వేడికి, గంటల కొద్దీ తొక్కడానికి పాదం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం వేళ, రైడ్‌కు వేసుకునే సాక్స్‌తోనే బూటు వేసి చూసుకోవడం మేలు. పట్టీలు వదులు చేస్తేనే తిమ్మిరి పోతే ఖర్చు అక్కడితో ఆగిపోయింది.

రెండోది క్లీట్. వేళ్ల మొదళ్ల కింద మంట ఉంటే క్లీట్‌ను కొద్దిగా మడమ వైపు జరిపి చూడవచ్చు. దీనివల్ల సామర్థ్యం పడిపోతుందన్న భయానికి ఆధారం తక్కువ. వాన్ సికిల్, హల్ 2007లో పెడల్ మీద పాదాన్ని ముందుకు వెనక్కి మార్చి కొలిస్తే ఆక్సిజన్ ఖర్చులో తేడా రాలేదు.

మూడోది ఇన్‌సోల్. సైజు అంకె కన్నా మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా ఉన్న పొడవు ముఖ్యం. ఇన్‌సోల్ వంపు మీ వంపు ఉన్నచోటే ఉండాలి. వంపు కింద తాకుతున్నట్టు అనిపించాలి, పొడుస్తున్నట్టు కాదు. ముందుభాగం పలుచగా ఉండాలి, మడమ బూటులోంచి పైకి లేవకూడదు. పాత ఇన్‌సోల్‌ను కొలతగా పెట్టి కత్తిరించుకోవాలి. వేళ్ల మొదళ్ల దగ్గర ఎత్తు బొడిపె ఉన్నదైతే అది మొదళ్లకు కాస్త వెనుక పడాలి. సరిగ్గా ఎముక కిందే పడితే మంట పెరుగుతుంది. ఇన్‌సోల్ మందం రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగితే సీటు అంత మేర కిందికి దిగినట్టే కాబట్టి సీటు ఎత్తునూ సరిచూసుకోవాలి.

ఒకసారికి ఒకటే మార్చాలి. అదే దారిలో మూడు నాలుగు రైడ్‌లు తొక్కి, నొప్పి ఏ కిలోమీటర్ దగ్గర మొదలైందో, ఏ పాదంలో, ఎంత తీవ్రంగా ఉందో రాసుకోవాలి. ఆ తర్వాత పాత ఇన్‌సోల్‌తో ఒకసారి తొక్కి చూడాలి. కొత్తది కొన్న ఉత్సాహంలో మొదటి రైడ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ముగింపు

ఆకారమున్న ఇన్‌సోల్ పాదాన్ని బూటుకు ఎక్కువగా ఆనిస్తుంది, ఆసరా ఉన్న భావన ఇస్తుంది. ఇంతవరకు నమ్మవచ్చు. వేగం పెంచుతుందని, అందరి నొప్పీ పోగొడుతుందని చెప్పడానికి ఇప్పుడున్న ఆధారం చాలదు. అందువల్ల రోడ్డు పక్కన బూటు విప్పుకుని కూర్చున్న రైడర్‌కు ఇన్‌సోల్ పేరు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం: నొప్పి సరిగ్గా ఎక్కడ? బూటు బిగుతుగా ఉందా? క్లీట్ ఎక్కడుంది? చాలాసార్లు ఆ జవాబుల్లోనే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.