చిల్లు గిన్నె కాదు, గడియ కుడుక



జీర్ణోద్ధరణ వేళ ఆలయపు సామాను గది తలుపులు తెరచినప్పుడు దీపపు సెమ్మెలను, గంటలను, హారతి పళ్ళెములను మనము ఇట్టే గుర్తించెదము. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నె చేతికి వచ్చినచో మాత్రము, చిల్లుపడినదని తలచి పాత రాగితో తూకమునకు వేయుదుము. లేదా భక్తితోనే మాటు వేయింతుము. మాటు వేయించుట మరింత నష్టము. ఏలయన, అది మన పెద్దలు గడియ కుడుక అని పిలిచిన ఘటికాపాత్ర కావచ్చును. ఆ రంధ్రమే దాని ప్రాణము.

వెడల్పాటి పాత్రలోని నీటిపై ఖాళీ గిన్నెను తేలవిడిచినచో, రంధ్రము గుండా నీరు మెల్లగా లోనికెక్కి, గిన్నె నిండి మునుగును. ఆ కాలమే ఒక గడియ, అనగా 24 నిమిషములు. అహోరాత్రమునకు 60 గడియలు. నిర్మలమైన నీటిలో ఇట్టి తామ్రపాత్ర దినమునకు 60 మార్లు మునుగునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. గిన్నె మునిగినప్పుడెల్ల గంట కొట్టి కాలము తెలుపుట హిందూస్థానమున చూచితినని 16వ శతాబ్దమున బాబరు తన స్వీయచరిత్రలో వ్రాసెను. నేటి మన గడియారము పేరులోనూ ఆ గడియయే ఉన్నది.

శివాలయములలో లింగముపై వ్రేలాడు ధారాపాత్రకును అడుగున రంధ్రముండును గదా అని మీరు అడుగవచ్చును. సందేహము సహజమే. అయితే ధారాపాత్రకు గొలుసు తగిలించుటకు అంచున కొక్కెములో, రంధ్రములో ఉండును. అడుగు రంధ్రమును పెద్దది. గడియ కుడుక పలుచని అర్ధగోళము. దానికి వ్రేలాడదీయు ఏర్పాటు ఉండదు.

గిన్నెను నీట విడిచి చేతి గడియారముతో రెండు మూడు మార్లు పరీక్షింపుడు. సరిగా 24 నిమిషములు రాలేదని త్రోసివేయరాదు. గిన్నె కొలతలను, రంధ్రమునకు వాడవలసిన బంగారు సూది తూకమును కొందరు పూర్వులు నిర్ణయింపగా, భాస్కరాచార్యులు దానిని అంగీకరింపలేదు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో ఆయన మార్గము సులభమైనది: గిన్నె అహోరాత్రములో ఎన్ని మార్లు మునుగునో లెక్కించి, దానిని బట్టి కాలము గ్రహింపవలెను. ఆయన కుమార్తె లీలావతి పెండ్లినాడు ముత్యమొకటి జారి గిన్నె రంధ్రమునకు అడ్డుపడగా ముహూర్తము తప్పినదను కథను 1587లో ఫైజీ పారసీక అనువాదము చెప్పినది. కథయే కావచ్చును గాని, రంధ్రములో చిన్న నలుసు చేరినను కాలము మారుట నిజము.

కావున అట్టి గిన్నె దొరకినచో చింతపండుతో తోమవలదు, రంధ్రములో సూది గ్రుచ్చవలదు. మెత్తని గుడ్డతో తుడిచి, ఏ మూల, ఏ వస్తువులతో కలిసి దొరకినదో వ్రాసి ఉంచుడు. ప్రక్కనే వెడల్పు తొట్టి గాని, మందపాటి కంచు పళ్ళెము గాని ఉన్నవేమో చూడుడు. అవి దాని జంట వస్తువులు కావచ్చును.