యంత్రమునకు పేరు, సంఖ్యకు కౌలు

అనంతపురము పీఠభూమిలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అందుచేత విజయనగర రాజుల నాటి బుక్కరాయసముద్రము వంటి చెరువుల నీటిని వంతులవారీగా పంచుకొనుట ఈ సీమలో చిరకాలపు అలవాటు. నీరుగంటి తూము తెరచి, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచెడివాడు. మడి స్థిరము, వంతు తాత్కాలికము. కంప్యూటర్ల చిరునామాల చరిత్రలోను ఇట్టి భేదమే కనిపించును.

1973లో అమెరికాలోని జిరాక్సు సంస్థ పరిశోధన కేంద్రములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్ నిర్మాణమునకు పూనుకొనిరి. అందు యంత్రమునకు 8 బిట్ల సంఖ్య ఉండెను. అనగా 256 సంఖ్యలే. ఒక భవనమునకు అవి చాలును గాని ప్రపంచమునకు చాలవు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు సంస్థలు ప్రకటించిన ప్రమాణములో దీనిని 48 బిట్లకు పెంచిరి. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్‌తో కలిసి 1981లో దీని కారణములను వివరించెను. 48 బిట్లతో 281 లక్షల కోట్లకు పైగా సంఖ్యలు ఏర్పడును. మొదటి 24 బిట్లు తయారీదారుని, తక్కినవి యంత్రమును గుర్తించును. ఇదియే మాక్ చిరునామా.

అయితే ఈ పేరు యంత్రము ఏ వలలో నున్నదో తెలుపదు. అందుకు ఐ.పి. సంఖ్య కావలెను. 1981 నాటి ఐ.పి. ప్రమాణము 32 బిట్లది; సంఖ్యలు సుమారు 429 కోట్లు. తొలుత వీనిని ప్రతి యంత్రములోను చేతితో వ్రాసెడివారు. 1985లో వచ్చిన బూట్‌పి పద్ధతిలో యంత్రము తన మాక్ చెప్పుకొనగా, సర్వరు పట్టిక చూచి సంఖ్య తెలిపెను. కాని ఆ పట్టికను మనిషే నింపవలసి వచ్చెను. 1993లో రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన డి.హెచ్.సి.పి. ప్రమాణము ఈ శ్రమను తగ్గించెను. సర్వరు తన వద్దనున్న సంఖ్యను కొంత గడువునకు కౌలుకిచ్చును. గడువు తీరినచో దానిని మరొక యంత్రమునకు ఇయ్యవచ్చును.

మాక్‌ను మార్చవచ్చునా? మార్చవచ్చును. 'ఇది తయారీదారు ఇచ్చినది కాదు, స్థానికముగా ఏర్పరచినది' అని తెలుపుటకు ఒక బిట్టు కేటాయింపబడినది. అయితే క్రమము ముఖ్యము: ముందు మాక్‌ను ఏర్పరచి, పిదప ఐ.పి. అడుగవలెను. లేనిచో కౌలు పాతపేరుననే ఉండును.

పాఠశాల కంప్యూటరు గదిలో రెండు యంత్రములకు ఒకే మాక్ పెట్టినచో, సర్వరు వానిని ఒకటిగా భావించి ఒకే సంఖ్య ఇయ్యవచ్చును. ఒకరికి రావలసిన సమాచారము మరొకరికి పోవును. రెండు పొలములకు ఒకే సర్వే నంబరు వ్రాసినచో కలుగు చిక్కు వంటిదే ఇది. ఇందుకు విరుద్ధమైన చిక్కు కూడ కలదు. తమ జాడ ఇతరులు పట్టకుండుటకై నేటి ఫోనులు పెక్కు కల్పిత మాక్‌లను వాడును. పేరు మారినప్పుడెల్ల కొత్త కౌలు కావలెను. 254 సంఖ్యలే గల చిన్న వలలో గడువు దీర్ఘమైనచో సంఖ్యలు తరిగిపోవును. అట్టిచోట గడువును తగ్గించుట మేలు.

విద్యార్థులు తమ కంప్యూటరు మాక్‌ను పరిశీలింపవచ్చును. అందలి 12 గుర్తులలో రెండవది 2, 6, ఎ, ఇ లలో ఒకటైనచో, ఆ పేరు కర్మాగారములో పెట్టినది కాదు, స్థానికముగా ఏర్పరచినది అని గ్రహింపవలెను.