ఏడో సీటు వెనక జాగా

ఏడుగురు కూర్చునే చిన్న బండిని మన దేశంలో సీట్ల లెక్కతోనే అమ్ముతున్నారు, ఆ లెక్కతోనే కొంటున్నారు. నలభై ఏళ్ళ చరిత్ర తిరగేస్తే మాత్రం అది ఇంటికి పనికొచ్చిందా లేదా అన్నది తేల్చింది ఏడో సీటు కాదు. ఆ సీటు వెనక ఎంత జాగా మిగిలింది, అక్కర లేనప్పుడు సీటు ఎటు పోతుంది అన్నవే తేల్చాయి. 1984లో వచ్చిన మారుతి వ్యాను, అంటే తరవాతి ఓమ్ని, 796 సీసీ ఇంజన్ను ముందు సీట్ల కింద దాచి పొడవంతా మనుషులకూ మూటలకూ వదిలేసింది. బడిపిల్లలకైనా అంబులెన్సుకైనా అదే డబ్బా సరిపోయింది. డ్రైవరు మోకాళ్ళకు ముందున్న రేకే దిక్కు, అది వేరే సంగతి. 2001లో అదే ఊహకు ముక్కు తగిలించి, రెండు ఏసీలు పెట్టి, బచ్చన్ తండ్రీకొడుకులతో ప్రచారం చేయించి వెర్సాను దింపితే జనం ధర చూసి వెనక్కి తగ్గారు. 2010లో హంగులు ఒలిచేసి ఆ బండినే ఈకోగా చవగ్గా ఇస్తే నిలదొక్కుకుంది.

ఈలోగా 2006 బడ్జెట్ నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజన్ కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించింది. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది పక్కకుపోయి, పన్ను గీతే బండి కొలత అయింది. 2015లో దట్సన్ గో ప్లస్ 3995 మిల్లీమీటర్లలో మూడో వరుసను ఇరికించింది. అందులో పెద్దవాళ్ళ మోకాళ్ళకు చోటు లేదు. 2012 నాటి ఎర్టిగా గీత దాటేందుకు సిద్ధపడింది. 2018లో 4395 మిల్లీమీటర్లకు పెరిగి, మూడు వరుసలూ నిలబెట్టినా 209 లీటర్ల డిక్కీ మిగిల్చింది. 2019లో రెనో ట్రైబర్ 3990లోనే ఉంటూ చివరి సీట్లను ఊడదీసే ఏర్పాటు చేసింది: సీట్లుంటే 84 లీటర్లు, తీసేస్తే 625. ఈ వరుసలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఇదే. తీసిన సీట్లను అపార్ట్‌మెంటులో ఎక్కడ పెట్టాలో మాత్రం కొన్నవాళ్ళే చూసుకోవాలి.

ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళకే గదా ఏడుగురూ ఎక్కేది, ఆ రోజున అద్దె బండి చాలదా అంటారు. ఏడుగురి మాటైతే నిజమే. కానీ మడిచిన మూడో వరుస మిగతా రోజుల్లో ఐదు సీట్ల కారు ఇవ్వలేని డిక్కీ అవుతుంది, అమ్మమ్మా తాతయ్యా వచ్చిన వారం మళ్ళీ సీటవుతుంది. అంత వెనక్కి పెద్దవాళ్ళు ఎక్కలేరన్న అభ్యంతరం ఇంకా గట్టిది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారెన్స్ 2022లో మీట నొక్కితే మధ్య సీటు ముందుకు మడుచుకునే సదుపాయం తెచ్చింది గానీ, అప్పటికీ చివరి వరుస పిల్లలకే తేలిక. ఇక ఖర్చు తగ్గుతుందని సీఎన్‌జీ ఎర్టిగా తీసుకుంటే సిలిండరు వచ్చి కూర్చునేది ఆ డిక్కీలోనే. ఏడుగురూ ఎక్కిన రోజున పెట్టెలు పైనున్న క్యారియరు మీదికి ఎక్కుతాయి.