టామ్‌క్యాట్ 10.1: చప్పుడు లేకుండా వచ్చిన మార్పులు

జావాలో రాసిన వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్లలో అపాచీ టామ్‌క్యాట్ బాగా పేరున్నది. ఉచితం, తేలిక. అందుకే విద్యార్థుల కాలేజీ ప్రాజెక్టుల నుంచి కంపెనీల పోర్టళ్ల దాకా అన్నిచోట్లా కనిపిస్తుంది. దీన్ని 9వ వెర్షన్ నుంచి 10.1కి మార్చే మాట రాగానే అందరూ చెప్పేది ఒక్కటే: జావా ప్యాకేజీల పేర్లు 'జావాఎక్స్' నుంచి 'జకార్తా'కు మారిపోయాయి, పాత కోడ్ నడవదు అని. నిజమే. ఒరాకిల్ సంస్థ జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది కానీ, పాత పేరుతోనే కొత్త మార్పులు చేసుకోవడంపై ఒప్పందం కుదరలేదు. దాంతో పేరే మార్చాల్సి వచ్చింది.

అయితే ఈ చిక్కు దాగేది కాదు. పాత అప్లికేషన్ నడవకపోతే మొదటి రోజే తెలిసిపోతుంది. దానికి దారి కూడా టామ్‌క్యాట్‌లోనే ఉంది. 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అనే పేరుతో (ఇంగ్లీషు చిన్నక్షరాల్లో) ఒక ఫోల్డర్ పెట్టి, పాత అప్లికేషన్ ఫైలును అందులో వేస్తే, సర్వరే దాన్ని కొత్త పేర్లలోకి మార్చుకుని మామూలు ఫోల్డర్‌లోకి చేరుస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక నెలల తరబడి వాయిదా వేస్తుంటారు. జావా 11 లేదా ఆపై వెర్షన్ మాత్రం ఉండాల్సిందే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎర్రర్ ఇవ్వకుండా మారిన సెట్టింగుల విషయంలో.

తెలుగు, ఉర్దూ పేర్లు

స్కూలు అడ్మిషన్ ఫారంలో 'సలీమా' అని తెలుగులో టైప్ చేసి సేవ్ చేస్తే, తర్వాత తలపై గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ' అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే వరుస కనిపించడం చాలామందికి అనుభవమే. డేటాబేస్ పాడైందనో, ఫాంట్ లేదనో అనుకుంటారు. తరచుగా అసలు కారణం వేరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ఉర్దూ అక్షరానికి రెండు. 'సలీమా'లో దీర్ఘం, గుడి కలిపి ఐదు గుర్తులున్నాయి, అంటే 15 బైట్లు. బ్రౌజర్ ఫారం పంపేటప్పుడు ఏ పద్ధతిలో పంపుతోందో సాధారణంగా చెప్పదు. చెప్పకపోతే పాత టామ్‌క్యాట్ దాన్ని ఐఎస్ఓ-8859-1 అనుకుని, ఒక్కో బైటును ఒక్కో యూరప్ అక్షరంగా చదివేది. ఐదు గుర్తుల పేరు కాస్తా 15 పిచ్చి గుర్తులయ్యేది. వెబ్ అడ్రస్‌లో వచ్చే మాటలను మాత్రం 8వ వెర్షన్ నుంచే యూటీఎఫ్-8గా చదువుతోంది. అందుకే సెర్చ్ బాక్సులో తెలుగు బాగానే పనిచేసి, సేవ్ చేసిన ఫారంలో చెడిపోయేది.

10వ వెర్షన్‌తో వచ్చే వెబ్.ఎక్స్‌ఎంఎల్ ఫైలులో వచ్చే డేటాకు, పోయే డేటాకు రెండింటికీ యూటీఎఫ్-8 ముందే రాసి ఉంది. మన భాషలవాళ్లకు ఈ అప్‌గ్రేడ్‌లో ఇంతకన్నా మంచి కబురు లేదు.

కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, అప్‌గ్రేడ్ చేసేవాళ్లు అలవాటుగా పాత కాన్ఫ్ ఫోల్డర్‌ను ఎత్తి కొత్తదానిపై వేసేస్తారు. అలా చేస్తే ఈ సెట్టింగు పోయినట్టే. కొత్త ఫైలును ఉంచి, మీ సొంత మార్పులను అందులోకి ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలి.

రెండోది ఇంకా ప్రమాదం. పాత ఇబ్బందికి మందుగా కొందరు డెవలపర్లు కోడ్‌లోనే ఒక చిట్కా పెట్టుకున్నారు: వచ్చిన పేరును ఐఎస్ఓ-8859-1 బైట్లుగా విప్పి, మళ్లీ యూటీఎఫ్-8గా చదవడం. ఇప్పుడు సర్వరే పేరును సరిగ్గా ఇస్తోంది కాబట్టి, ఈ చిట్కా దాన్ని పాడు చేస్తుంది. ఆ పద్ధతిలో తెలుగు, ఉర్దూ అక్షరాలకు చోటే లేదు, ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకం అయిపోతుంది. పిచ్చి గుర్తులనైతే చాలాసార్లు తిరిగి సరిచేయొచ్చు. ప్రశ్నార్థకాల నుంచి పేరును రాబట్టే దారి లేదు. పిల్లల సర్టిఫికెట్ మీదకు వెళ్లే పేరు అది. కాబట్టి అసలు సర్వర్ మార్చేముందు టెస్ట్ సర్వర్‌లో ఒక తెలుగు పేరు, ఒక ఉర్దూ పేరు సేవ్ చేసి, తిరిగి తెరిచి చూడాలి. డేటాబేస్‌లో ఇప్పటికే చెడి ఉన్న పాత పేర్లు అప్‌గ్రేడ్‌తో వాటంతట అవి బాగుపడవు.

పెద్ద ఫారాల్లో మాయమయ్యే గడులు

ఒక ఫారంలో ఎన్ని గడులను స్వీకరించాలో 'మాక్స్ పారామీటర్ కౌంట్' అనే సెట్టింగు చెబుతుంది. ఏమీ రాయకపోతే 9లో ఆ హద్దు 10,000. ఇప్పటి 10.1 విడుదలల్లో 1,000 మాత్రమే. సర్వర్‌ను ముంచే దాడుల నుంచి కాపాడటానికే తగ్గించారు, తప్పు పట్టలేం. అయితే ఒకే పేజీలో 60 మంది విద్యార్థులకు 20 గడుల చొప్పున మార్కులు ఎక్కించే ఫారం ఉందనుకోండి. మొత్తం 1,200 గడులు. వెయ్యి దాటినవాటిని సర్వర్ పక్కన పడేస్తుంది. అప్లికేషన్ తానుగా సరిచూసుకోకపోతే టీచర్‌కు 'సేవ్ అయింది' అనే కనిపిస్తుంది, చివరి పది మంది మార్కులు మాత్రం ఉండవు! లాగ్ ఫైలులో ఒక చిన్న మాట తప్ప ఆధారం దొరకదు. సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో హద్దు పెంచుకోవాలి, లేదా ఇలాంటి ఫారాన్ని పూర్తిగా తిప్పి పంపే 'ఫెయిల్డ్ రిక్వెస్ట్ ఫిల్టర్'ను పెట్టుకోవాలి. రెండూ చేస్తే ఇంకా మేలు.

రీస్టార్ట్ చేస్తే లాగౌట్

ఇంతకుముందు సర్వర్‌ను పద్ధతిగా ఆపి మళ్లీ మొదలుపెడితే, లాగిన్ అయినవాళ్ల సెషన్లు ఒక ఫైలులో దాచి తిరిగి తెచ్చేది. 10.1లో అది డిఫాల్ట్‌గా ఆపేశారు. కాంటెక్స్ట్.ఎక్స్‌ఎంఎల్‌లో మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. లేదంటే ఫీజులు, దరఖాస్తులు నింపే వేళల్లో రీస్టార్ట్ జోలికి పోకుండా రాత్రికి పెట్టుకుంటే సరి.

వర్చువల్ థ్రెడ్లు

జావా 21 మీద నడిపేవాళ్లకు ఇంకొకటుంది. టామ్‌క్యాట్ మామూలుగా ఒక్కో కనెక్టర్‌కు గరిష్ఠంగా 200 థ్రెడ్లతో పనిచేస్తుంది. కనెక్టర్‌లో 'యూజ్ వర్చువల్ థ్రెడ్స్' ఆన్ చేస్తే, ఒక్కో రిక్వెస్టుకు ఒక తేలికపాటి థ్రెడ్ దొరుకుతుంది. డేటాబేస్ జవాబు కోసం ఎక్కువసేపు ఎదురుచూసే అప్లికేషన్లకు ఇది పనికొస్తుంది. లెక్కలతో ప్రాసెసర్‌నే నమిలేసే పనులకు పెద్ద తేడా ఉండదు. డేటాబేస్ కనెక్షన్లు పదే ఉంటే, వెయ్యి థ్రెడ్లు వచ్చినా ఆ పదింటి ముందే క్యూ కట్టాలి.