సంయుక్త పార్లమెంటరీ సంఘం (ఎన్నికల చట్ట సవరణల పరిశీలన)

ఎన్నికల చట్టాల్లో మార్పులు కోరే బిల్లును లోతుగా పరిశీలించేందుకు ఉభయ సభల సభ్యులతో ఏర్పడే తాత్కాలిక సంఘం. లోక్‌సభకు, శాసనసభలకు జమిలి ఎన్నికలు జరపాలనే 129వ రాజ్యాంగ సవరణ బిల్లు ఇందుకు ముఖ్య ఉదాహరణ. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఈ బిల్లును పి.పి. చౌదరి అధ్యక్షతన 39 మంది (లోక్‌సభ 27, రాజ్యసభ 12) సభ్యుల సంఘానికి అప్పగించారు.

పరిశీలన విధానం: సంఘం న్యాయకోవిదులను, అధికారులను పిలిచి వాదనలు వింటుంది, రాతపూర్వక అభిప్రాయాలు స్వీకరిస్తుంది, క్లాజుల వారీగా చర్చించి నివేదిక ఇస్తుంది. విభేదించిన సభ్యులు అసమ్మతి పత్రం జతచేయవచ్చు. ప్రజల ఓటును ప్రభావితం చేసే చట్టానికి ఈ వడపోత ఎంతో అవసరం.

పరిమితి: సంఘం సిఫార్సులకు సభ కట్టుబడనక్కర్లేదు. సంఘం బిల్లును సమర్థించినా, రాజ్యాంగ సవరణకు 368వ అధికరణ ప్రకారం ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించిన, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గని మద్దతు తప్పనిసరి.